పది నిమిషాల అతిథి

"ఎవరో మన సర్వర్లోకి దూరుతున్నారు!" అంది హనాదీ.

ఇర్బిద్ పట్టణంలోని ఆ రక్తదాతల సంఘంలో కంప్యూటర్ల పని ఆమెది, ఫోన్ల పని ఖల్దూన్‌ది. ఇద్దరూ ఆ నెలలో చేరినవాళ్లే.

"దొంగా?" అన్నాడు ఖల్దూన్, ఫలాఫెల్ వడ నములుతూ.

"తైసీర్ అట. రోజూ మధ్యాహ్నం ఎక్కడినుంచో సర్వర్లో మన దాతల జాబితా ఉన్న కంటైనర్లోకి లాగినై, పది నిమిషాలుండి పోతున్నాడు. ఇవాళా వచ్చాడు."

"పది నిమిషాల్లో పోతాడా! మా బావమరిది కంటే నయం. వాడు భోంచేస్తేగాని కదలడు."

హనాదీ నవ్వలేదు. ఆ పేరు మీదున్న లాగిన్ కీ తీసేసింది.

మర్నాడు ఒక పెద్దాయన చేతికర్రతో, ఆయాసంతో మెట్లెక్కి వచ్చాడు.

"నేను తైసీర్‌ని తల్లీ. నా కీ పనిచెయ్యడం లేదు."

"చెయ్యదు బాబాయ్. నేనే తీసేశాను. అందరూ వచ్చిపోవడానికి అదేమన్నా బజారా?"

ఆయన నొచ్చుకోలేదు. పెన్‌డ్రైవ్ తీసి బల్లమీద పెట్టాడు.

"నిన్నటిదాకా ఉన్నదంతా ఇందులో ఉంది. ఇక నీదే భారం."

"సరే, అక్కడ పెట్టండి," అంది తెరమీంచి చూపు తిప్పకుండా.

గడప తొక్కిన మనిషిని కాఫీ ఇవ్వకుండా పంపితే ఇర్బిద్‌లో ఏడు వీధులు చెప్పుకుంటాయి. ఖల్దూన్ పొయ్యి వెలిగించేలోగా ఆయన మెట్లు దిగిపోయాడు.

హనాదీ ఎందుకైనా మంచిదని పాత కంటైనర్ కూల్చేసి, కొత్తది నిలబెట్టింది. తళతళలాడుతోంది.

అరగంటకి ఆస్పత్రి నుంచి ఫోను.

"ఆరేళ్ల పాప. ఓ నెగెటివ్. రెండు గంటల్లో నలుగురు దాతలు కావాలి."

జాబితా తెరిచింది. ఖాళీ.

కంటైనరంటే అద్దెగది, కూలిస్తే లోపలి సామానూ పోతుంది, అందుకే విలువైనవి బయట డిస్కులో పెట్టాలి. పోయినవారమే ఖల్దూన్‌కి ఈ పాఠం చెప్పింది హనాదీయే. కూల్చేముందు జాబితా బయట ఉందో లేదో చూడనిదీ ఆమే.

"నకలు ఎవరి దగ్గరా లేదా?" ఖల్దూన్ నమలడం మానేశాడు.

ఇద్దరి చూపూ బల్లమీదికి పోయింది.

పెన్‌డ్రైవ్‌లో జాబితాకి రోజుకొకటి చొప్పున ఆరేళ్ల నకళ్లు. చివరిది నిన్నటిది. నాలుగువేల పేర్లు, ఒక్కటీ పోలేదు.

ఖల్దూన్ ఫోనందుకున్నాడు. పొద్దు వాలాక చేసే అసర్ నమాజుకి ముందే నలుగురూ ఆస్పత్రికి చేరారు.

సాయంత్రానికి కబురొచ్చింది. పాప కళ్లు తెరిచిందట, మంచినీళ్లు అడిగిందట.

హనాదీ కళ్లు తుడుచుకుని, ముందు ఆయన కీ తిరిగి పెట్టింది.

"నువ్వు కాఫీ పెట్టు. నేనాయన్ని పిలిచి, చేతులు పట్టుకుని క్షమాపణ అడగాలి."

"నంబరేదీ?"

ఏమో, జాబితాలో ఉందేమోనని వెతికింది.

ఉంది, మొదటి వరసలోనే, ఆరేళ్ల కిందటి తేదీతో: 'తైసీర్, ఓ నెగెటివ్, డెబ్బై ఆరుసార్లు ఇచ్చారు, అరవై అయిదు నిండాయి గనక ఇకపై ఆయన దగ్గర రక్తం తీసుకోరాదు.'