మెయిన్ రోడ్డు దాకా

"మెయిన్ రోడ్డు దాకా దింపుతారా సార్?"

విప్పిన కారు చక్రం ముందు గొంతుక్కూర్చున్న అతను విసుగ్గా తలెత్తాడు.

చేతిసంచి పట్టుకుని ఓ పెద్దాయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎన్నడూ చూసిన ముఖం కాదు.

"చక్రం ఊడి ఉంది. కనబడటం లేదా?"

"బిగించాకే సార్. ఆగుతాను. ఈ వీధిలోకి ఆటో ఒక్కటీ రావడం లేదు."

"మెయిన్ రోడ్డు ఎంతండీ, ఈ వీధి చివరేగా! కాళ్లు బాగానే ఉన్నాయిగా మీకు?"

"కాళ్లు బాగానే ఉన్నాయండీ," ఆయన నవ్వాడు. "అది కాదు సార్..."

"ఏది కాదు? నా పని నన్ను చేసుకోనివ్వండి."

ఆయన కదల్లేదు. ఎదురింటి మెట్టు మీద కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకున్నాడు.

అతనికి ఒళ్లు మండింది.

అసలే పొద్దుటి నుంచి బ్రేకులతో కుస్తీ పడుతున్నాడు. అరిగిన ప్యాడ్లు తీశాడు. గాట్లు పడిన పాత డిస్కులు తుప్పు పట్టి రానంటే సుత్తితో కొట్టి ఊడదీశాడు. పిస్టన్ వెనక్కి నొక్కి కొత్తవి ఎక్కించేసరికి చొక్కా కాస్తా మసిగుడ్డ అయింది. ఎడమ చక్రం పూర్తయింది. ఇక కుడిది బిగించాలి.

భార్య గుమ్మంలోకి వచ్చింది.

"ఏమండీ మెకానిక్ గారూ! మా తమ్ముడు చెప్పినట్టు షెడ్డులో ఇస్తే పోయేది కదా?"

"మీ తమ్ముడు చెప్పాడనే నేను చేస్తున్నా. ఇది నావల్ల అయ్యే పని కాదన్నాడుగా, ఇప్పుడే వాడి గుమ్మం ముందు ఆపి చూపిస్తా."

"పోయినసారి మిక్సీ విప్పి బిగిస్తే గుప్పెడు మరలు మిగిలాయి. ఇది మిక్సీ కాదండీ, పాప కూర్చునే బండి."

"వెళ్లి ఇద్దరూ తయారవ్వండి."

ఆమె మెట్టు వైపు చూసింది. "ఆయనెవరు?"

"లిఫ్టు కావాలట. ఇక్కణ్ణుంచి అక్కడికి! తేరగా వస్తే పడగ్గదిలోంచి వంటింట్లోకి కూడా కారే అడుగుతారు జనం."

"పెద్దాయన పాపం. ఎక్కించుకుందాంలెండి."

"ఇవాళ ఎక్కించుకుంటే రోజూ మన గుమ్మంలోనే ఉంటాడు. నువ్వు పాపను తీసుకొచ్చి కూర్చో. ఆయన లేచి వచ్చేలోపు కదిలిపోదాం."

చక్రం ఎత్తి తగిలించాడు. రెండు నట్లు వేళ్లతో తిప్పాడు. స్పానర్ అందుకోబోతుంటే, మెట్టు మీది మనిషి మోకాళ్ల మీద చేతులాన్చి లేవబోతున్నాడు.

అంతే, గబగబా జాకీ దించి, సామానంతా డిక్కీలో పడేశాడు. కూర్చున్నాక బ్రేకు పెడల్ గట్టిపడేదాకా తొక్కడం మాత్రం మర్చిపోలేదు. వీడియోలో చూసింది అదొక్కటే బాగా గుర్తుంది.

మిగిలిన మూడు నట్లు గోడ పక్కన వీల్ క్యాప్‌లో ఉండిపోయాయి.

భార్య, పాప ఎక్కగానే కారు కదిలింది.

"నాన్నా, టకటకమంటోంది!" అంది వెనక సీట్లోంచి పాప.

"కొత్త ప్యాడ్లు కదా తల్లీ, సర్దుకుంటాయి."

"నాన్నా, ఆ తాత పరిగెత్తుకొస్తున్నాడు! సంచి కూడా పడేశాడు!"

"ఆపండీ!" అంది భార్య.

"చూశావా, కాళ్లు ఎంత బాగున్నాయో!"

వీధి చివర ఆగక తప్పలేదు. మెయిన్ రోడ్డు మీద లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. కాలు ఇలా ఆనించాడో లేదో కారు అలా ఆగింది.

"చూశావా బ్రేకు! మీ తమ్ముడికి చెప్పు," అన్నాడు గర్వంగా.

కారు వెనక ధన్‌మని దెబ్బ పడింది.

అతను ఒక్క ఉదుటున దిగాడు. "లిఫ్టు ఇవ్వకపోతే బండి పగలగొడతావా?" అంటూ పెద్దాయన భుజం పట్టి తోశాడు.

ఆయన తూలి, డిక్కీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. నోరు తెరుస్తున్నాడు గానీ మాట రావడం లేదు. మెల్లిగా గుప్పిట విప్పాడు.

మూడు నట్లు.

రెండో చేత్తో ముందు చక్రం చూపించాడు.

చక్రం ఓ పక్కకు ఒరిగి ఉంది. వేళ్లతో తిప్పిన రెండింటిలో ఒక నట్టు ఎక్కడో రాలిపోయింది. రెండోది మర చివర వేలాడుతోంది.

ఎదురుగా ఓ లారీ దూసుకుపోయింది. ఆ గాలికి కారు ఊగింది. కిటికీలోంచి పాప చెయ్యి బయటపెట్టి "తాతా!" అని ఊపుతోంది.



"అయ్యా..." అంటూ తిరిగేసరికి ఆయన రోడ్డు మీద కూలబడి ఉన్నాడు.

రోడ్డుకు అవతలే ఆసుపత్రి. చేతుల మీద ఎత్తుకుని అతనే పరిగెత్తాడు.

కాసేపటికి డాక్టరు బయటికొచ్చి తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

"నా బిడ్డను కాపాడాడమ్మా," అన్నాడు అతను పక్కనున్న నర్సుతో. "లిఫ్టు అడిగితే కసురుకున్నాను. ఎవరో ఏమిటో కూడా తెలియదు."

"నాకు తెలుసు," అంది నర్సు, అరచేత్తో కళ్లు తుడుచుకుంటూ. "ఒంటరి మనిషి. రేపు ఆయన గుండెకు ఆపరేషన్. నాలుగడుగులు కూడా నడవొద్దు, సిగ్గుపడకుండా ఎవరి బండైనా అడిగి రమ్మని పొద్దున ఫోన్లో చెప్పింది నేనే."