పాత బ్రేకులు

“ఆ పాత బ్రేకులు దానికి బిగించావంటే సైకిలు గేటు దాటనివ్వను” అంది ఎలీసబెతు.

కొడుకు లూకా తల ఎత్తలేదు. మెట్టుగూడలో వాళ్ల ఇంటి వరండాలో కొత్త ఫ్రేము గోడకు ఆనించి ఉంది. నీలం రంగు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా ఊడదీయలేదు. పక్కన గోనెసంచి మీద పాత రేసు సైకిలు ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది. దాని ఫ్రేము పెడల్ దగ్గర పగిలిపోయింది. మిగిలిన చక్రాలు, గేర్లు, హ్యాండిలు, బ్రేకులు అన్నీ కొత్త ఫ్రేముకు ఎక్కించడానికి వీధిలోని మెకానిక్ బ్రహ్మచారి వచ్చి కూర్చున్నాడు. తెల్లారితే నేరేడ్‌మెట్‌లో పోటీ.

ఫ్రేమే పగిలిన సైకిలుకు బ్రేకులు మాత్రం బాగుంటాయా అని ఆమె అడిగింది. పగిలింది ఫ్రేము ఒక్కటే కదా అన్నాడు లూకా. ఒకటి పగిలిందంటే మిగతావి దాని వెనకే బయల్దేరి ఉంటాయని ఆమె నమ్మకం.

బ్రహ్మచారి స్పానర్ కింద పెట్టి నవ్వాడు.

“కొత్తింట్లకు పోతే పాత గిన్నెలు పారేస్తమా అమ్మా?”

“గిన్నెకు చిల్లు పడితే పులుసు పోతుంది బ్రహ్మచారీ. పిల్లాడి ప్రాణం పోదు.”

అతను ఇక నవ్వలేదు. బ్రేకులు బిగించడం కాగానే వెనక చక్రం పైకెత్తి జోరుగా తిప్పి, బ్రేకు నొక్కాడు. రెండు పక్కల నుంచి రబ్బర్లు వచ్చి రిమ్మును పట్టుకున్నాయి. చక్రం అక్కడికక్కడే ఆగింది.

“జెర చూడుండ్రి. గింత మంచిగ పట్టేటియి కొత్తయి సుత దొరకయి.”

గాలిలో తిరిగే చక్రం ఎవరు నొక్కినా ఆగుతుందని, రోడ్డు మీద వచ్చే వాటర్ ట్యాంకర్ ఆగదని ఎలీసబెతు అంది. వీధి చివర పెద్ద దిగుడు. దాని కింద మెయిన్ రోడ్డు. ఆ రోడ్డు మీది బస్సులన్నీ అప్పటికే ఆమె కళ్లలో తిరుగుతున్నాయి. ఏ బస్సు చక్రం కింద ఆ నీలం రంగు కనబడుతుందో కూడా ఆమెకు తెలిసిపోతోంది.

రైల్వే ఆఫీసు నుంచి భర్త దేవానందం రాగానే ఆయనకు చెప్పుకుంది. ఆయన బూట్లు విప్పుకుంటూ, మీసాలొచ్చిన కొడుకును కొంగుకు కట్టుకుని తిరుగుతావా అన్నాడు. కొంగు అంత గట్టిదైతే కట్టుకునేదాన్నే అంది. ఆయన పేపరు అందుకున్నాడు.

మళ్లీ కొడుకు దగ్గరికే వెళ్లింది. ఏవి పాతవైనా పర్వాలేదు, ఆ బ్రేకులొక్కటీ కొత్తవి వేయించుకోమని బతిమాలింది. షాపువాడు తెప్పించేసరికి వారం దాటుతుందని, పోటీ అప్పటిదాకా ఆగదని అన్నాడు లూకా. పోటీ మానుకోమంది. అన్నం పెట్టమన్నాడు. ఆ ఇంట్లో ఆమె మాట చెల్లేది కూరలో ఉప్పు దగ్గరే.

పొద్దున లూకా స్నానం చేసి వచ్చేసరికి తల్లి సైకిలు పక్కనే నిలబడి ఉంది. గొడవ పెడుతుందనుకున్నాడు. పెట్టలేదు. హెల్మెట్ పట్టీ తన చేత్తోనే బిగించి, “మెల్లగా వెళ్లు నాన్నా” అంది. అతను నవ్వి, ఎక్కి వెళ్లిపోయాడు.

సైకిలు దిగుడు చేరేవరకూ ఆమె గేటు పట్టుకుని చూసింది. ఆ తర్వాత చూడలేక కళ్లు మూసుకుంది.

ముందు కేక వినిపించింది.

“బ్రేకు పడట్లేదు, జరగండి, జరగండి.”

లూకా గొంతే. ఆమె చెప్పులు లేకుండా పరిగెత్తింది. పరిగెడుతూ ఎవరిని పిలిచిందో, ఏమని పిలిచిందో ఆమెకే తెలియదు. దిగుడు కింద ఎవరో ఇల్లు కడుతూ ఇసుక పోయించుకున్నారు. లూకా సైకిలును అందులోకి తిప్పేశాడు. కుడి భుజం పట్టుకుని ఇసుకలో పక్కకు పడి ఉన్నాడు. కుప్పకు అవతల బస్సులు వెళుతూనే ఉన్నాయి.

ఆసుపత్రిలో భుజం ఎముక విరిగిందని చెప్పి కట్టు కట్టారు. ప్రాణానికి భయం లేదన్నారు. ఎలీసబెతు ఆ మాట ముగ్గురి చేత విడివిడిగా చెప్పించుకుంది.

దేవానందం మంచం చివర కూర్చుని, నీ మాట వినాల్సింది అన్నాడు. పెళ్లయ్యాక ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. విని సంతోషించే ఓపిక ఆమెకు లేదు.

బ్రహ్మచారి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు.

“నిన్న మీ ముంగటనే నొక్కి చూపిస్తి గదమ్మా. రాత్రికి రాత్రి ఏమైనయో నాకైతే సమజైతలేదు.”

“నిన్నేమీ అనను బ్రహ్మచారీ. పాతవి పాతవే.”

లూకా పైకప్పు వైపు చూస్తూ మెల్లగా చెప్పాడు. రెండు చేతులతో నొక్కానని, రబ్బర్లు రిమ్ము మీద జారిపోయాయే తప్ప పట్టలేదని. అమ్మ చెప్పినట్టు వాటిని పారేయాల్సిందని అన్నాడు. దేవానందం లేచి, ఇవాళే షాపుకు వెళ్లి కొత్త బ్రేకులకు చెప్పి వస్తానన్నాడు.

ఎలీసబెతు కొడుకు తల నిమిరింది.

“కొత్తవి రాగానే వాటికీ ప్రార్థన నూనె రాస్తాలే నాన్నా. పొద్దున నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు ఆ పాత రబ్బర్లకూ చక్రాలకూ సీసా అంతా ఒంపి రాశాను, అంత రాసినా పట్టలేదంటే అవి ఎంత చెడిపోయి ఉన్నాయో నువ్వే ఆలోచించు.”