ఉన్నది ఉన్నట్టు

మొగుడు సుక్రు పాట ఎత్తుకుంటే చాలు, కనక చెవుల్లో గుడ్డపీలికలు దూర్చుకునేదని వాళ్ల పక్కింటి చిన్నమ్మలు డుంబ్రిగుడ సంతలో చెప్పిందట.

"కడుపున పుట్టిన ఆడపిల్ల, ఒక్కగానొక్క గుంట, జొరంతో సచ్చిపోయిన వారంలో కూడా ఆడు జీలుగు కల్లు తాగి పాడుకుంటా కూకున్నాడు. ఆ నాటినుంచి ఆడు పోయేదాకా కనక ఆడితో మాటాడితే ఒట్టు. ఇప్పుడేమో ఆడి పాట కేసెట్టుని కొంగున కట్టుకుని తిరుగుతంది. మనిసి పోయాక ప్రేమ పుట్టుకొచ్చిందమ్మా!" అని నవ్విందట కూడా.

ఈ కబురు అరకులో సురేంద్ర కొట్టుదాకా వచ్చింది. అందుకే ఆ మధ్యాహ్నం మరిది పోతురాజుతో కలిసి కనక గుమ్మం ఎక్కగానే, ఎందుకొచ్చిందో అతనికి అర్థమైపోయింది. సురేంద్రదీ డుంబ్రిగుడే. విశాఖపట్నంలో డిగ్రీ చదివొచ్చి క్యాసెట్ల కొట్టు పెట్టాడు. జనం సీడీలు అడగడం మొదలెట్టాక కంప్యూటర్ కొని, పాత పాటలు అందులోకి ఎక్కిస్తున్నాడు.

కనక కొంగుముడి విప్పి క్యాసెట్ బల్ల మీద పెట్టింది. సురేంద్ర దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. రీలంతా బూజు. వేలితో తాకితే గోధుమరంగు పొడి అంటుకుంది.

"ఎక్కడ పెట్టేవమ్మా దీన్ని?"

"సూరులో ఉండిపోయింది. వానకి తడిసింది. మొన్న దొరికితే సిన్నమ్మలు ఇంట్లో ఒక్కపాలి ఏసి విన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టనేదు బాబూ."

"ఈ పొడిలోనే శబ్దం ఉంటాది. ఇది రాలిపోతే మిగిలేది ఉత్త రీలే. ఇంకొక్కసారి తిరుగుతాదేమో, అంతే."

కనక రెండు చేతులూ బల్లకి ఆన్చింది. "అయితే ఆ ఒక్కపాలీ ఉన్నది ఉన్నట్టు ఎక్కించు. ఏటీ పోనీకు."

"ఆ ఇంట్లో ఒక్క ఫొటో నేదు సురేంద్రా" అన్నాడు పోతురాజు. "ఉన్న గురుతు ఇదే. సైత్ర పండక్కి మైకులో ఏయిస్తాను. మా అన్న గొంతు ఊరంతా వినాల."

టేప్‌రికార్డర్ నుంచి ఒక వైరు చిన్న డబ్బాలోకి, డబ్బా నుంచి ఇంకో వైరు కంప్యూటర్‌లోకి కలిపాడు సురేంద్ర. టేపులోని శబ్దాన్ని కంప్యూటర్ అందుకునేలా మార్చేది ఆ డబ్బానే. కొత్తగా కొన్నది, దాని తీరు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు.

టేపు తిప్పాడు. పాటకి ముందు సుక్రు దగ్గూ, గొంతు సవరింపూ వినిపిస్తున్నాయి. తెర మీద గీత మాత్రం కదల్లేదు. ఆపి సెట్టింగులు తెరిచాడు. కంప్యూటర్ డబ్బాని వదిలేసి తన సొంత మైకు వైపు చెవి పెట్టుకుని కూర్చుంది. దాన్ని మార్చి మళ్లీ తిప్పాడు. ఈసారి శబ్దం వచ్చింది గానీ, వేడి పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చిటపటలు. బఫర్ అనే దగ్గర అంకె పెంచాడు.

ఆపి తిప్పిన ప్రతిసారీ టేపు కింద సన్నటి పొడి రాలుతోంది.

"బాబూ, రాలిపోతంది" అంది కనక.

"నువ్వలా చూస్తుంటే నాకు చేతులాడవమ్మా. బయట కూర్చో. అయ్యాక పిలుస్తాను."

ఆమె వెళ్లి మెట్టు మీద, వీధి వైపు తిరిగి కూర్చుంది.

ఇంకోసారి తిప్పితే చిటపటలు పోయాయి. హెడ్‌ఫోన్‌లో సుక్రు మొదటి చరణం ఎత్తుకోబోతున్నాడు. అతని వెనక ధబ్... ధబ్... అని మోత. సురేంద్ర చటుక్కున ఆపాడు.

"ఎవరో దంచుతున్నారు మావా. ఆ రోకలి పోటు తాళానికి కూడా కలవట్లేదు."

పోతురాజు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ కాస్తా విన్నాడు. "మా ఒదిన కాదు. ఈ పాట టేపులో పట్టిన రోజు ఒదిన అడ్డాకులు కొయ్యడానికి కొండెక్కింది. ఎవురైతే ఏటి, తీసెయ్. పండగలో మా అన్న గొంతు మీద ఈ దబదబేటి?"

తియ్యడం కష్టం కాదు. లో కట్ అని ఒక గడి ఉంది. దాన్ని నొక్కితే అలాంటి మోతలు లోపలికి రాకుండా వడకట్టేస్తుంది. గేట్ అని ఇంకొకటి, పాట ఆగినప్పుడల్లా తలుపు మూసేస్తుంది. ముందు అంతా ఎక్కించుకుని, తర్వాత తీరిగ్గా తీసేయవచ్చని సురేంద్రకి తెలుసు. కానీ కరెంటు పోయే వేళయింది.

"బేగి కానీ" అన్నాడు పోతురాజు.

రెండూ నొక్కాడు.

పాట మొదటినుంచి చివరిదాకా ఆగకుండా పడింది. టేప్‌రికార్డర్‌లోంచి తీసిన క్యాసెట్‌లో రీలు కొన్నిచోట్ల అద్దంలా అవతలి వైపు కనిపిస్తోంది. బల్ల మీద చిటికెడు పొడి.

"అమ్మా, రా! గండం గడిచింది."

కనక గబగబా లోపలికొచ్చింది. హెడ్‌ఫోన్ తలకి తగిలించగానే, రెండు చేతులతో చెవులకి అదిమి పట్టుకుంది. స్పీకర్లలో సుక్రు గొంతు ఖంగున మోగుతోంది. పోతురాజు కళ్లు తుడుచుకున్నాడు. "మా అన్నే! ఎదట నిలబడి పాడినట్టే ఉన్నాడు."

పాట అయిపోయింది. కనక ఇంకా చెవులు అదిమి పట్టుకునే ఉంది.

"ఇంకా రానేదేటి బాబూ?"

"ఏది రాలేదు? పాటంతా ఉందమ్మా."

"ఎనకాలది."

"ఆ దంపుడా? తీసేశాను!" సురేంద్ర నవ్వాడు. "అందుకే గొంతు అంత తేటగా వచ్చింది."

కనక హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. "మళ్లీ ఎయ్యి. అది ఉంచి ఎయ్యి."

"ఎలాగమ్మా? రీల్లో ఏమీ మిగల్లేదు."

ఆమె వంగి బల్ల మీది పొడిని అరచేత్తో దగ్గరకి ఊడ్చుకుంది.

"పోనిద్దూ ఒదినా" అన్నాడు పోతురాజు. "అన్న గొంతు దక్కింది కదా. ఎవురో దంచితే మనకేటి?"

"ఆ దంచింది నా గుంట."