గొంతు తగ్గించండి

"మీ పెళ్ళికి నేను రాలేకపోయిన, అల్లుడా, సెలవు దొరకలే!"

గుమ్మంలోనే ఆయన అంత గట్టిగా అరిచేసరికి ఫణి ఉలిక్కిపడ్డాడు.

వచ్చినాయన బిక్షపతి. ఫణి భార్య ఇందుజకు వరసకు పెద్దనాన్న. ముప్పై ఏళ్ళుగా సూరత్‌లోనే, గోడాదరా మరమగ్గాల షెడ్లలో పని.

ఫణిది గుంటూరు. బ్యాంకు ఉద్యోగంలో ఇక్కడికి బదిలీ అయి నెల కాలేదు. ఆంధ్రావాడికి పిల్లనివ్వనని భీష్మించుకున్న మామగారు కనకయ్య, మూడేళ్ళ కిందట ఉన్నట్టుండి ఎలా ఒప్పుకున్నాడో అతనికి ఇప్పటికీ అంతుచిక్కదు.

ఇందుజ భోజనాలు వడ్డించింది. 2009 డిసెంబరు కదా, టీవీలో తెలంగాణ తప్ప మరో వార్త లేదు.

ఫణి నోరు ఊరుకుంటుందా?

"రాష్ట్రం కలిసుంటేనే బలం మామయ్యగారూ. హైదరాబాదు అందరం కలిసి కట్టుకున్నదే కదా!"

బిక్షపతి ముద్ద ఆపి, అతని మొహంలోకే గుచ్చి గుచ్చి చూశాడు.

"మా ఊళ్ళె నీళ్ళుంటే, పనుంటే, నేనీడికెందుకొస్త అల్లుడా!"

ఆ కేకకు ఎదురింటి గుజరాతీ ఆవిడ తలుపు తీసి తొంగిచూసింది. ఫణికి తల కొట్టేసినట్టయింది.

"గొంతు తగ్గించండి."

"నువ్వన్నదాంట్ల గూడ..."

"అరిచినంత మాత్రాన అబద్ధం నిజమైపోదు. ఇది మీ మగ్గాల షెడ్డు కాదు, మర్యాదస్తులుండే ఇల్లు!"

బిక్షపతి కంచంలో మెతుకు మిగల్చకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు.

"కూర మంచిగున్నది బిడ్డా."

ఇందుజ తల నిమిరి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాటా పెదవి దాటీ దాటనట్టు అన్నాడు.

వాదన నెగ్గానని ఫణి ఆ పూట సంబరపడ్డాడు. మర్నాటి నుంచి అన్నం సహించలేదు. కంచం ముందు కూర్చున్న పెద్దమనిషిని అంత మాట అంటానా అని ఒకటే సిగ్గు. ఇందుజ అయితే వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఫణి గోడాదరా వెళ్ళాడు.

"ఎవలు గావాలె!" బిక్షపతి గది ముందు కూర్చున్న తోటి మగ్గం పనివాడు గంగారాం అరిచాడు.

"బిక్షపతిగారు..."

"జర ఇటు తిరిగి చెప్పు సార్, మూతి కనవడాలె!"

ఫణికి అర్థం కాలేదు.

"మగ్గాల సప్పుడుకు మా చెవులు ఎన్నడో పోయినయి. మూతి చూసే మాట తెలుసుకుంటం. మేమెంత గట్టిగ మాట్లాడుతున్నమో మాకే ఎరుక లేదు."

ఫణి తల వాలిపోయింది. మళ్ళీ బలవంతాన ఎత్తాడు, ఈయనకు మూతి కనపడాలి కదా.

"ఆయన లోపలున్నారా?"

"నిన్ననే ఊరికి పోయిండు. పెయ్యి సహకరిస్తలేదు, పని ఇడిసిపెట్టిండు. ఇగ రాడు."

"ఫోన్ నంబరుంటే ఇవ్వండి. క్షమించమని అడగాలి."

"ఫోన్ల మీ మూతి ఎట్ల కనవడ్తది సార్?"

ఫణి బయటికి తీసిన ఫోను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఇంతకూ మీరెవలు?"

"ఇందుజ భర్తని."

గంగారాం మొహం విప్పారింది.

"ఓ, ఆంధ్రా అల్లుడు మీరేనా! 'రాష్ట్రం వేరే గావాలె గని, పిల్లగాడు మనోడే' అని కనకయ్య గడపల కూసోని పది దినాలు కొట్లాడిండు మా బిక్షపతి. ఉన్న సెలవంత దానికే అయిపాయె, మీ పెళ్ళికి పోనీకి ఒక్క దినం గూడ మిగలలే."