హిమజ రాసిన చట్టం

తొమ్మిదో తరగతి సివిక్స్ ప్రాక్టికల్‌కు ప్రతి విద్యార్థీ ఒక చట్టం రాయాలి. అది వారం రోజులు వాళ్ల వీధిలో నిజంగానే అమలవుతుంది. హిమజ రాసిన నీటి పొదుపు చట్టంతో కుళాయిలు తెల్లవారుజామున ఐదు నుంచి ఆరు దాకానే నీళ్లు వదిలాయి. టిఫిన్ బండి నడిపే ఆమె తల్లి కోటేశ్వరి నాలుగున్నరకే అలారం పెట్టుకుని డ్రమ్ములు నింపింది. వీధిలో ఎవరినీ ఫిర్యాదు చేయనివ్వలేదు.

ఎనిమిదో రోజు హిమజ ముఖం వేలాడేసుకుని బడి నుంచి వచ్చింది.

"మార్కులెన్నే?"

"సున్నా. జనం ఫిర్యాదులకు జవాబు చెబితేనే మార్కులంట. ఒక్క ఫిర్యాదూ రాలేదు."

"నీ మార్కులు పోతాయనే గదే అందర్నీ ఆపాను. ఇప్పుడు రాయిస్తాలే."

"గడువైపోయిందమ్మా. ఎవరూ వద్దనలేదని చట్టాన్ని ఖాయం చేసేశారు."

కోటేశ్వరి పొద్దున తీసేసిన అలారాన్ని మళ్లీ నాలుగున్నరకు పెట్టింది.