మూడువందల ఎనభై ఆరు గడియారాలు

"ఒక్కో ఫైలు మీదా కుడి బటన్ నొక్కి పేరు మారుస్తున్నారా? మామయ్యా! ఈ లెక్కన శుక్రవారానికి సగం కూడా తెమలవు."

అల్లుడికి నవ్వాగలేదు. మామగారు కళ్లద్దాలు పైకి తోసుకున్నారు. నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసి, కిందటేడు కొట్టు మూసేసిన మనిషి. చివరి పదిహేనేళ్లలో చేతికొచ్చిన మంచి గడియారాలన్నిటికీ లోపలి చక్రాలు కనబడేలా ఫొటోలు తీశారు. అది ఎవరిదో, ఏం పాడైందో ఒంటివేలితో కొట్టి, ఫైలు పేరుగా పెట్టుకున్నారు. మొత్తం మూడువందల ఎనభై ఆరు. వాటిని ప్రదర్శనకు పెడతామని మ్యూజియం వాళ్లు అడిగారు. పేరు ముందు వరస నంబరు వేసి శుక్రవారంలోగా పంపమన్నారు.

"రెండు రోజుల్లో నలభై అయ్యాయి బాబూ. ఇదిగో, ఈ ఏడో నంబరు చూడు. దీని కథేంటంటే..."

"కథలు తర్వాత మామయ్యా. ముందు ఆ కుర్చీ ఇలా ఇవ్వండి."

ఆఫీసులో అల్లుడి పేరు షార్ట్‌కట్. మౌసు ముట్టుకోవడం అతనికి నామోషీ. పెళ్లయి ఆరేళ్లయినా మామగారి గడియారం కథ ఒక్కటి పూర్తిగా విన్న పాపాన పోలేదు. కథ మొదలవగానే ఆఫీసు నుంచి ఫోనొచ్చేది. రాకపోతే వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకునేవాడు.

మామగారు మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లారు. షార్ట్‌కట్ టకటకా నాలుగు లైన్ల ప్రోగ్రాం రాసి ఎంటర్ కొట్టాడు. అర సెకనులో అయిపోయింది. గర్వంగా ఫోల్డర్ తెరిచాడు.

001. 002. 003. అలా 386 దాకా. నంబర్లు మాత్రమే. ప్రోగ్రాంకి నంబరు వెయ్యమని చెప్పిన ఈ పెద్దమనిషి, పాత పేరు ఉంచమని చెప్పడం మరిచిపోయాడు.

కంట్రోల్ జెడ్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. పదకొండుసార్లు నొక్కాడు. చేత్తో చేసిన మార్పయితే వెనక్కి వచ్చేది. ఇది ప్రోగ్రాం చేసింది, రాదు. "ముందు కాపీ తీసిపెట్టుకుని ఏడవండ్రా" అని ఆఫీసులో అందరికీ క్లాసు పీకేది ఎవరయ్యా అంటే, ఈ మహానుభావుడే.

"అయిందా బాబూ?" వంటింట్లోంచి కేక.

"ఆఁ... అయిపోయినట్టే మామయ్యా!" లాప్‌టాప్ టపీమని మూసేశాడు.

సంగతి విని భార్య నెత్తి కొట్టుకుంది. "నాన్నకి చెప్పెయ్యండి."

"ఏ మొహంతో చెప్పను? పదిహేనేళ్ల పని. ఆయన ప్రాణమంతా అందులోనే ఉంది. పేర్లన్నీ ఆయన బుర్రలో ఉన్నాయిగా, మెల్లగా లాగుతాను."

"మీరా? నాన్న పక్కన కూర్చునా?"

"ఏం చెయ్యను మరి, నా ఖర్మ!"

సోమవారం నుంచి నాలుగు రోజులు సెలవు పెట్టాడు. "ఖాళీ దొరికింది మామయ్యా. మీ గడియారాల గురించి చెప్పండి, వింటాను." మామగారు అతన్ని ఒక్క క్షణం ఎగాదిగా చూసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

షార్ట్‌కట్ ఫొటోలు టీవీలో పెట్టి, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాడు. మామగారికి బొమ్మ కనబడుతుంది, పేరు కనబడదు. ఎంత తెలివో!

"ఇదెవరిది మామయ్యా?"

"టీచరమ్మది. పిల్లల మీద కోపమొస్తే వాచీని బల్లకేసి కొట్టేది. మూడోసారి తెచ్చినప్పుడు చెప్పాను, డస్టరు వాడమ్మా, చవక అని."

'టీచరమ్మ, అద్దం పగిలింది, మూడోసారి.' కొట్టాడు. తర్వాతిది. ఒక్కోదానికి ఆరు నిమిషాలు. లెక్క వేసుకున్నాడు. అంటే దాదాపు ముప్పై తొమ్మిది గంటలు. అర సెకను షార్ట్‌కట్‌కి ఇంత చుట్టుదారి ప్రపంచంలో ఇంకెవడూ తిరిగి ఉండడు.

మొదటిరోజు ఆవలింతలు మింగాడు. రెండోరోజు ఆఫీసు ఫోను నిజంగానే వస్తే కట్ చేసి, "తర్వాతేమైంది?" అన్నాడు. మూడోరోజు టిఫిను చెయ్యకుండానే వచ్చి కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం చిన్న ఆడవాళ్ల గడియారం ఒకటి వచ్చింది.

"మీ అత్తయ్యది," అన్నారు మామగారు. ఆవిడ పోయి ఎనిమిదేళ్లు. "పెళ్లికి ముందు కీ ఇవ్వడం మానేసి, ఆగిపోయిందంటూ కొట్టుకి తెచ్చేది. ఏమీ పాడవలేదని నాకు తెలుసు. తెలిసీ మూడు రోజులవుతుందనేవాణ్ణి."

"ఎందుకు మామయ్యా?"

"వచ్చి అడుగుతూ ఉంటుందిగా!"

ఆరేళ్లు ఇంత మనిషి పక్కన ఉండి దొంగ ఫోన్లు మాట్లాడినందుకు షార్ట్‌కట్‌కి సిగ్గేసింది. ఏం పేరు పెట్టాలో తోచక చాలాసేపు కీబోర్డు వంక చూశాడు.

గురువారం సాయంత్రానికి మూడువందల ఎనభై ఆరూ పూర్తయ్యాయి. మ్యూజియానికి పంపేసి, గండం గట్టెక్కిందని ఒళ్లు విరుచుకున్నాడు. మామగారికి అనుమానమైనా రాలేదని భార్య దగ్గర కాలరెగరేశాడు కూడా.

శుక్రవారం పొద్దున్నే మ్యూజియం ఆవిడ ఫోన్ చేసింది.

"గడియారాల ఫొటోలు మళ్లీ పంపారేంటండీ?"

"మళ్లీనా? నేను పంపడం ఇదే మొదటిసారి కదండీ!"

"పేర్లు మీ చేతిలో చెరిగిపోయాయటగా. మీ మామగారి దగ్గర ఇంకో కాపీ ఉందట, సోమవారమే పంపేశారు. నంబర్లు వేసే తీరిక లేదు, మీరే వేసుకోండమ్మా అన్నారు."

"తీరిక లేదా? ఆయనకేం పని?"

"అల్లుడికి కథలు చెబుతున్నారట."