మూడో మగ్గం

"తాతా, ఆపండి" అని గుమ్మంలోంచే రెండుసార్లు కేకేసింది నర్సు స్టెల్లా. మరుదాచలం తల తిప్పలేదు. ఎడమ అరచెయ్యి మంచం కమ్మీకి ఆనించి, కుడిచేత్తో స్టీలు లోటాని అదే కమ్మీకేసి టకటకా కొడుతూనే ఉన్నాడు.

మంచం మీద ఆయన మనవరాలు, పదిహేనేళ్ల యాళిని. వంకర తిరిగిన వెన్నుకు కడ్డీలు బిగించి సరిచేసి ఐదు రోజులైంది. ఆనాటినుంచి కంటిమీద కునుకు లేదు. నిద్రమాత్ర వేస్తే నిద్ర రాలేదు గాని, మర్నాడు నిలబెట్టగానే కళ్లు తిరిగి ఒరిగిపోయింది. ఇవాళ నాలుగింటికి పది అడుగులైనా వెయ్యకపోతే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుందన్నాడు డాక్టరు.

స్టెల్లా విసవిసా వెళ్లి ముసలాయన ఎదుట నిలబడింది. ఆయన ఆమె మాస్కు కేసి వేలు చూపించాడు.

"ముసుగు దించి మాట్లాడు అమ్మణీ. మా సోమనూరులో ముసుగేసుకొచ్చేది దొంగలే."

ఆమె నవ్వాపుకుంటూ దించింది. "గోడమీద 'నిశ్శబ్దం' అని రాసింది కనబళ్లేదా?"

"కనబడింది. పిల్ల నిద్ర చెడగొట్టింది అదే. ఇది పుట్టింది మొదలు గోడకవతల ఎనిమిది మరమగ్గాలు ఆడాల్సిందే. కరెంటు పోయి అవి ఆగితే ఏడ్చి లేచేది. మా మగ్గాలంటే ఏమనుకున్నావు? ఓసారి ఆపడం మరిచి పెళ్లికెళ్లాం. తిరిగొచ్చేసరికి బట్ట ఈరోడ్ పట్నం దాకా చేరింది. బస్సులు దానిమీదే తిరుగుతున్నాయి."

"అయితే ఇది మగ్గం చప్పుడా?"

"మూడో మగ్గం. కాస్త కుంటుతుంది. నువ్వే విను."

నిజమే. ప్రతి నాలుగో దెబ్బా వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతోంది. ఇంత మాట్లాడినా ఒక్కటీ తప్పలేదు.

"అంత కచ్చితంగా ఎలా గుర్తుంది?"

"అరచెయ్యి మరిచిపోదమ్మా."

ఆమె మంచం వైపు చూసింది. యాళిని నోరు తెరుచుకుని గురక పెడుతోంది. స్టెల్లా మెల్లగా తలుపు చేరవేసింది. మూడు గంటలపాటు ఆ చెయ్యి ఆగలేదు.

నాలుగింటికి యాళిని పది కాదు, ఇరవై రెండు అడుగులు నడిచొచ్చి మంచంమీద కూర్చుంది. తాత లోటా పట్టుకుని టీకి బయల్దేరాడు.

"తాతా, మీ చెయ్యి బంగారం. రేపు పక్కగదికీ రండి, అక్కడి అమ్మాయికీ నిద్ర లేదు" అని వెనకనుంచి పిలిచింది స్టెల్లా.

ఆయన తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

"అబ్బో, మెచ్చుకునేసరికి ఎంత బెట్టో!"

యాళిని నడుము పట్టుకుని నవ్వింది.

"ఎదురుగా వెళ్లి చెప్పండక్కా.

నేను పుట్టకముందే తాతకి చెవులు పోయాయి."